వార్షిక నివేదిక: ఈ ఏడు ఎక్కువగా ఒక ఊరి గురించే

ఒమాన్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, బతుకమ్మ, రక్తదానం అని వరుసగా రాసుకుపోవడం ఈ నివేదికకు ఆనవాయితీ. అవన్నీ ఈ ఏడూ జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేశారు కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. జమాఖర్చులు కోశాధికారి విడిగా జతచేశారు.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ఇరవై ఏళ్లుగా ఈ దేశం ఉప్పు తింటున్నాం, మీలో ఎంతమంది ఒక ఒమానీ పల్లెటూరు చూశారని అడిగారు. నాలుగైదు చేతులకు మించి లేవలేదు. మనకు తెలిసిందల్లా మస్కట్‌లోని రువీ, ఘుబ్రా పేటలు, ఎయిర్‌పోర్టు. ఆ మాట మీదే కార్యవర్గం చూసి రావడానికి మిస్ఫాత్ అల్ అబ్రియీన్ అనే ఊరిని ఎంచుకుంది.

నిజ్వా దాటి అల్ హమ్రా మీదుగా కొండెక్కితే వస్తుందీ ఊరు. మస్కట్ నుంచి రెండున్నర గంటల దారి. అబ్రీ తెగవాళ్ల మిస్ఫాత్ అని పేరుకు అర్థం. పెద్ద పెద్ద బండల మీదే, రాయీ మట్టీ కలిపి కట్టిన ఇళ్లు. ఎక్కడ బండ ఆగి ఎక్కడ గోడ మొదలవుతుందో దూరం నుంచి పోల్చుకోలేం. కారు ఊరి బయటే వదిలెయ్యాలి, లోపలన్నీ ఇరుకు సందులు, మెట్లు. ఇళ్ల కింద లోయలోకి మెట్లు మెట్లుగా తోటలు: ఖర్జూరం, అరటి, నిమ్మ, దానిమ్మ. చుట్టూ గడ్డిపోచ మొలవని కొండలు, మధ్యలో ఈ పచ్చదనం.

ఇది కట్టుబాట్ల సీమ. ఒమాన్ లోతట్టు ప్రాంతం చాలా కాలం మతాధిపతులైన ఇమామ్‌ల ఏలుబడిలో ఉంది. 1950లలో ఇమామ్ పక్షానికీ సుల్తాన్ పక్షానికీ ఈ కొండల్లోనే యుద్ధం జరిగి, 1959లో ముగిసింది. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది ఇబాదీలు, అంటే సున్నీలూ షియాలూ కాని మూడో శాఖ. పాత మసీదులకు మీనార్లుండవు, నగిషీలుండవు. బోర్డు చూడకపోతే మసీదని తెలియదు. ఊళ్లో అడుగుపెట్టేచోటే భుజాలు, మోకాళ్లు కప్పుకోమని, అనుమతి లేకుండా మనుషుల ఫొటోలు తియ్యవద్దని రాసి ఉంది.

మనం చేసిన తప్పు కూడా రాయాలి. మొదటిసారి బస్సు నిండా జనం, పులిహోర గిన్నెలు, బ్లూటూత్ స్పీకరుతో బయల్దేరి, సరిగ్గా శుక్రవారం జుమా నమాజు వేళకు దిగాం. ఊళ్లో చడీచప్పుడు లేదు. మన పిల్లలు కాలువ కనబడగానే చెప్పులు విడిచి అందులోకి దూకారు. అంతలో నమాజు ముగించుకొని వచ్చిన ఒక ముసలాయన కోప్పడలేదు. పిల్లలను చెయ్యి పట్టుకొని కిందికి నడిపించి, ఆడుకోవాల్సింది అక్కడ అని చూపించాడు. పైభాగం తాగునీరట. మనూరి మంచినీళ్ల బావిలో ఎవరో కాళ్లు కడిగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే మా తలలు వంగిపోయాయి. స్పీకరు బస్సులోంచి దిగలేదు. తర్వాత ఆయనే ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ తెప్పించాడు. చేదుగా, ఏలకుల వాసనతో ఉంటుంది. చాలనుకుంటే ఖాళీ గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అది తెలియక మన ఉపాధ్యక్షులవారు ఏడు గిన్నెలు తాగారు.

రెండోసారి పన్నెండు మందిమే, వారం మధ్యలో, ముందే కబురు పెట్టి వెళ్లాం. అసలు ఊరు అప్పుడు కనబడింది.

ఆ కాలువను ఫలజ్ అంటారు. మోటారు లేదు, కరెంటు లేదు, నీరు వాలును బట్టి దానంతటదే పారుతుంది. ఒమాన్‌లో ఇలాంటివి 3,000 దాకా ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊరిది ఆ ఐదింటిలో లేదు, ఊరికి ఆ బెంగ ఉన్నట్టూ లేదు. నీటికి వరుస ఉంది: ముందు తాగడానికి, తర్వాత మసీదుకూ స్నానాలకూ, ఆ తర్వాత ఖర్జూర తోటలకు, మిగిలితే ఏటేటా వేసే పంటలకు. ఆడవాళ్ల స్నానాల చోటు వేరు, మగవాళ్లది వేరు.

మనవాళ్లు చెవులు రిక్కించి విన్నది వంతుల గురించి. ఈ ప్రాంతంలో నీటిని కొలిచేది కాలంతో. ఒక అథర్ అంటే దాదాపు అరగంట పారకం. పగలు పుల్ల పాతి దాని నీడతో, రాత్రి చుక్కలతో లెక్క చూసేవాళ్లు. ఇప్పుడు చేతిగడియారాలు వచ్చాయి. పొలం వేరు, నీటివంతు వేరు. వంతును కొనవచ్చు, అమ్మవచ్చు, కౌలుకివ్వవచ్చు, బిడ్డలకు రాసివ్వవచ్చు. మొత్తం చూసుకునేవాడు వకీల్. కోర్టు వకీలు కాదు, పెత్తందారు. వంతు ప్రకారం నీరు వదిలించేవాడు అరీఫ్. ఫలజ్ పేరున ఉన్న వంతులను వేలం పాడించేవాడు దల్లాల్. మన దళారి మాటకు పుట్టిల్లు ఇదే. ఆ వేలం డబ్బుతోనే కాలువ మరమ్మతులు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడి తాత చెరువు కింద నీరటికాడు. అరీఫ్ పని వినగానే, ఇది మా తాత పనే కదా అన్నాడు. తూము తెరవడం, వంతు తప్పితే తిట్లు తినడం, పంట చేతికొచ్చాక మేర గింజలు అందుకోవడం, అన్నీ చెప్పాడు. మాతో వచ్చిన ఒక మేస్త్రీ అరబ్బీలోకి తర్జుమా చేస్తుంటే అక్కడి ఇద్దరు ముసలివాళ్లు తలలూపుతూ విన్నారు. ఇంకో సభ్యుడు గీత వృత్తి కుటుంబంవాడు. ఖర్జూర చెట్టెక్కడానికి వాళ్లు నడుముకు చుట్టే హాబూల్ అనే తాడు చూసి, మోకు ఇలాగే ఉంటుందంటూ ఎక్కబోయాడు. వయసు గుర్తుచేసి ఆపాం.

మగవాళ్లం సబ్లాలో, అంటే ఊరి చావడిలాంటి గదిలో, కూర్చున్నాం. మన ఆడవాళ్లను వేరే ఇంట్లోకి తీసుకెళ్లారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మహిళా విభాగం విడిగా రాసిస్తామంది, ఇంకా రాలేదు. వాళ్లు చెప్పినంత వరకు లోబాను పొగ, గోరింటాకు, పిల్లల చదువుల మీద ఆరాలు, బంగారం ధర. బయట సందుల్లో ఆడవాళ్లు మాకు పెద్దగా కనబడలేదు. అది వాళ్ల పద్ధతి. మెచ్చుకోవడానికో తప్పుపట్టడానికో రెండు పూటల పరిచయం చాలదని నా అభిప్రాయం. మన కార్యవర్గంలో ఒకరిద్దరికి వేరే అభిప్రాయం ఉంది, అదీ రాస్తున్నాను.

ఊరు అచ్చంగా పాతగా మిగల్లేదు. చాలా కుటుంబాలు ఏసీలున్న కొత్త ఇళ్లకు మారాయి. ఖాళీ అయిన పాత ఇళ్లలో కొన్ని అతిథి గృహాలయ్యాయి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరికి చోటిచ్చింది. కుర్రాళ్లు మస్కట్ ఉద్యోగాలకు పోతున్నారు. మేం వెళ్లినప్పుడు తోటలో పార పట్టుకొని గట్టు సర్దుతున్నది ఒక బంగ్లాదేశ్ అబ్బాయి. అతనితో హిందీలో మాట్లాడాం. ఇంటికి వెళ్లి మూడేళ్లయిందన్నాడు. మన లేబర్ క్యాంపుల్లో రోజూ వినే మాటే.

వచ్చే ఏటికి కార్యవర్గం నిర్ణయాలు: రెండోసారిలాగే చిన్న చిన్న బృందాలుగా వెళ్లడం. శుక్రవారాలు, రంజాన్ నెల మినహాయింపు. వెళ్లేవాళ్లకు ముందురోజు అరగంట సూచనలు, పిల్లలతో సహా. పులిహోర ప్యాకెట్ల చెత్త తిరిగి బస్సులోకే. లేబర్ క్యాంపు సభ్యులకు సెలవు దొరకడం కష్టం కాబట్టి వాళ్ల కోసం శనివారం ఒక ట్రిప్పు. ఖర్చు సంఘానిది. చందా బకాయిలున్నవాళ్లు ఈ నెలాఖరులోగా కట్టగలరు.

మొదటి ట్రిప్పులో బస్సులో మిగిలిపోయిన మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉంది. మూత మీద చుక్క గుర్తుంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి