వాసన లేదని మురిసిపోయాను, అక్కడే పొరపాటు జరిగింది

మన తెల్ల డబ్బా క్రీమ్ (ముఖానికి రాసే మాయిశ్చరైజర్) వాడుతున్న అందరికీ నమస్కారమండి.

ఆగస్టులో వచ్చిన బ్యాచ్ డబ్బా మీ దగ్గర ఉంటే (డబ్బా అడుగున నంబరు 07తో ముగుస్తుంది) ముఖానికి రాయడం ఈరోజే ఆపేయండి. సగం వాడినా, అడుగంటినా సరే, తెచ్చి ఇచ్చేయండి. 340 రూపాయలూ వెనక్కి ఇస్తాను. బిల్లు అక్కర్లేదు. కొరియర్‌లో తెప్పించుకున్నవాళ్లు డబ్బా అడుగు ఫొటో వాట్సాప్‌లో పెడితే చాలు. ముందు చెప్పాల్సింది చెప్పేశాను, ఇక అసలు ఏం జరిగిందో చెబుతాను.

మూడేళ్లుగా కొంటున్నవాళ్లకి ఈ క్రీమ్ వాసన తెలుసు. మూత తీయగానే కాస్త కొవ్వొత్తి, కాస్త పచ్చిపాలు కలిసినట్టు ఉంటుంది. క్రీమ్ చిక్కబడటానికి వేసే మైనంలాంటి కొవ్వు పదార్థాల వాసన అది. ఏ సెంటూ కలపకపోతే అలాగే ఉంటుంది. "అంతా బాగానే ఉందండి, కాస్త గులాబీ వాసన వేయించొచ్చు కదా" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. మొటిమలున్న ముఖం, ఊరికే మండే ముఖం ఉన్నవాళ్ల కోసం చేయించిన క్రీమ్ ఇది. చర్మానికి ఎలర్జీ తెచ్చేవాటిలో సువాసన పదార్థాలు ముందు వరసలో ఉంటాయి. లావెండర్ నూనెలాంటి 'సహజం' అనుకునేవి కూడా గాలి తగిలేకొద్దీ మారిపోయి, ఎలర్జీ తెచ్చే పదార్థాలవుతాయి. అందుకే వాసన కలపనుగాక కలపను అని పంతం పట్టాను.

అలాంటిది ఆగస్టు బ్యాచ్ మూత తీస్తే ఏ వాసనా లేదు. కొవ్వొత్తి లేదు, పాలు లేవు. నేనేమనుకున్నానంటే, ఫ్యాక్టరీవాళ్లు ఈసారి మేలు రకం సరుకు వాడారని. మురిసిపోయి "ఈసారి ఆ వాసన కూడా లేదండోయ్" అని స్టేటస్ కూడా పెట్టుకున్నాను. బీఫార్మసీ చదివి, పదిహేనేళ్లు మందుల కౌంటర్లో నిలబడిన మనిషిని. వాసన ఎందుకు పోయింది అని ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

మొదట వచ్చింది దానవాయిపేట టీచర్ గారు. రెండు బుగ్గలూ ఎర్రగా కంది, సన్నటి పొక్కులు. దురదగా ఉందన్నారు. "వానాకాలం ఉక్క కదండీ, చెమటకి వచ్చుంటుంది" అన్నాను. తర్వాత మోరంపూడి నుంచి ఒక ఇంటర్ కుర్రాడి వాళ్లమ్మ గారు. ఆవిణ్ణి షాంపూ ఏమైనా మార్చారా అని అడిగాను. వారం తర్వాత టీచర్ గారు మళ్లీ వచ్చి డబ్బా కౌంటర్ మీద పెట్టారు. "మూడేళ్లుగా మీ క్రీమే రాస్తున్నానండీ. నా ముఖం నాకు తెలీదా?" అని అంతే, డబ్బులు కూడా అడగకుండా వెళ్లిపోయారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. తగిలినా ఆ రోజుకి ఒప్పుకోలేదు. మూడోది మా ఇంట్లోనే బయటపడింది, మా మేనకోడలికి. ఇంక చెమట మీదా షాంపూ మీదా తొయ్యడానికి నోరు రాలేదు.

ప్రతి బ్యాచ్ నుంచీ ఒక డబ్బా బీరువాలో దాస్తాను. ఆ రాత్రి పాత బ్యాచ్ ఒకటి, కొత్తది ఒకటి తీసి, చెంచాడు చెంచాడు రెండు స్టీలు గ్లాసుల్లో వేశాను. మూతలు పెట్టి గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టాను. పాతదాని మూత తీస్తే ఎప్పటి కొవ్వొత్తే. కొత్తదాని మూత తీస్తే అడుగున సన్నగా, తియ్యగా ఏదో ఉంది. నాది భ్రమేమో అని, ఏది ఏదో చెప్పకుండా మా అత్తయ్య గారికి ఇచ్చాను. ఆవిడ కొత్త గ్లాసు వాసన చూసి "పౌడరు డబ్బాలా ఉందేమిటే" అన్నారు.

పొద్దున్నే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. హైదరాబాద్ శివార్లలో ఉంటుంది. పేరు రాయను, నేను వాళ్లతో తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మొదట ఏమీ మార్చలేదన్నారు. రెండోసారి అడిగితే మైనం వేరేచోట నుంచి తెప్పించామన్నారు. మూడోసారికి అసలు మాట బయటికి వచ్చింది. కొత్త మైనం వాసన మరీ ఘాటుగా ఉందట, అది తెలియకుండా ఉండటానికి 'మాస్కింగ్' వేశారట. "అది సెంటు కాదు మేడం, వాసన కొట్టకుండా వేసేది. జీరో పాయింట్ వన్ పర్సెంటే. మిగతా కంపెనీలవాళ్లు అడిగి మరీ వేయించుకుంటారు" అని. వాసన తెలియనివ్వకుండా వేసేది కూడా సువాసన పదార్థమే. పడనివాళ్లకి ఆ కాస్తా చాలు. ఇది తెలియకుండానే వాళ్లు క్రీములు చేస్తున్నారా, తెలిసే నాతో అలా మాట్లాడారా అన్నది నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు. మూడేళ్లు ఒక్క రోజు ఆలస్యం లేకుండా డబ్బు కట్టాను. ఒక్క ఫోన్ చేసి ఉంటే వద్దని చెప్పేదాన్ని.

కానీ తప్పంతా వాళ్ల మీద తోసి చేతులు దులుపుకోలేను. సొంత ఫ్యాక్టరీ లేనివాళ్లు ఇంకొకరి ఫ్యాక్టరీలో తమ పేరు మీద చేయించుకోవడానికి లోన్ లైసెన్స్ అని ఒకటుంటుంది. నాది అదే. అంటే డబ్బాలో ఏముందో దానికి జవాబు చెప్పాల్సింది నేను. లేబుల్ మీద సువాసన పదార్థాల ఊసే లేదు. అంటే నేను అచ్చు వేయించిన లేబుల్ అబద్ధమైపోయింది.

ముఖం ఇలా కందిందని ఇప్పటికి 11 మంది చెప్పారు. అందరికీ ఆ మాస్కింగే కారణమని నేను తేల్చలేను, కొత్త మైనం కూడా కావచ్చు. చర్మం డాక్టరు గారు ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలు చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేస్తే గానీ కచ్చితంగా తెలియదు. వాడటం ఆపాక ఒకటి రెండు వారాల్లో చాలామందికి తగ్గింది. తగ్గనివాళ్లు దయచేసి డాక్టరుకి చూపించుకోండి, ఆ ఫీజు నేనిస్తాను. ఒకమ్మాయి మాత్రం ఎవరో చెప్పారని ఒక స్టెరాయిడ్ ట్యూబు కొనుక్కుని రాసింది. రెండు రోజుల్లో ముఖం తేటపడిందని సంబరపడింది. అలా చెయ్యకండమ్మా. అవి ముఖానికి అలవాటైతే, మానేసిన రోజున మొటిమలూ మంటా ఇంతకింతై తిరిగొస్తాయి. 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని 2018లో కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా చాక్లెట్లు ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు.

మిగిలిన 88 డబ్బాలు అట్టపెట్టెల్లో కౌంటర్ కింద ఉన్నాయి. "కాళ్ల పగుళ్ల క్రీమ్ అని సగం ధరకి అమ్మేద్దాం" అన్నారు మావారు. లెక్కల ప్రకారం ఆయన మాట తప్పేమీ కాదు. కానీ కాళ్లకని కొన్నది ఏదో ఒక రోజు ముఖానికి వెళ్తుంది, మన ఇళ్లలో క్రీమ్ డబ్బా అంటే అంతే. అమ్మను. ఈ విషయంలో ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు, అది వేరే కథ.

ఇవన్నీ ఒక ఎత్తు, నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి. క్రీమ్ ఆపేశాక మీరు ఏం రాసుకోవాలి? మీలో చాలామంది మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడో, అడాపలీనో వాడుతున్నారు. అవి చర్మాన్ని ఎండగొడతాయి. మాయిశ్చరైజర్ లేకపోతే తోలు లేచి, మంట పుట్టి, మందే మానేస్తారు. జిడ్డు ముఖానికి క్రీమెందుకు అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. కాబట్టి నా క్రీమ్ వచ్చేదాకా ఆగండి అనడం కుదరదు. మరి నా నోటితోనే వేరేవాళ్ల క్రీమ్ కొనుక్కోమని చెప్పనా? ఒకసారి వెళ్లినవాళ్లు తిరిగొస్తారా? పది రోజులు ఈ లేఖ రాస్తూ కొట్టేస్తూ గడిపింది దీని గురించే. ఒక రాత్రి "పాత స్టాకు కొంచెం ఉంది, అడ్జస్ట్ చేస్తాను" అని రాశాను. లేదు. ఉన్నవి బీరువాలో దాచిన డబ్బాలే. పొద్దున్న లేచి ఆ వాక్యం కొట్టేశాను.

సరే, చెబుతున్నాను. కొనుక్కోండి. కంపెనీ పేర్లు మాత్రం రాయను. ఈరోజు బాగున్న క్రీమ్‌లో రేపు ఏం మారుతుందో నాకే అనుభవమైంది. లేబుల్ చదవండి. ఒక శాతానికి మించి ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాస్తారు. నీళ్ల తర్వాత మొదట్లోనే గ్లిజరిన్ కనిపిస్తే మంచిదే. చర్మంలో తేమ పోకుండా కాపాడే డైమెథికోన్, స్క్వాలేన్, సెరమైడ్‌లు చాలామందికి పడతాయి. పర్‌ఫ్యూమ్, పర్ఫమ్, ఫ్రాగ్రెన్స్ అనే మాట ఎక్కడున్నా పక్కన పెట్టేయండి. 'అన్‌సెంటెడ్' అని ఉంటే మోసపోకండి, వాసన తెలియదు అని మాత్రమే దానర్థం, మన ఆగస్టు బ్యాచ్ కూడా అన్‌సెంటెడే! 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' (సువాసన పదార్థాలే కలపలేదు) అని ఉందో లేదో చూసి, ఆ తర్వాత జాబితా కూడా చదవండి. సిటోస్టియరిల్ ఆల్కహాల్ చూసి స్పిరిట్ అనుకుని భయపడతారు. అది మైనంలాంటి కొవ్వు, నూటికో కోటికో ఒకరికి తప్ప ఏమీ చెయ్యదు. నయాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం) పది శాతం అని గొప్పగా రాసినవి మండే ముఖానికి అవసరం లేదు. కొబ్బరినూనె తలకి మంచిదే, మొటిమల ముఖానికి వద్దు.

'నాన్ కామెడోజెనిక్' అన్న మాట చూసి కొనేవాళ్లున్నారు. అంటే రంధ్రాలు పూడ్చదు అని. ఆ మాట మన డబ్బా మీదా ఉంది, నేనే వేయించాను. ఏ పదార్థం రంధ్రాలు పూడుస్తుందో చెప్పే పాత జాబితాలు చాలావరకు కుందేలు చెవుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. ఫలానా పరీక్ష నెగ్గితేనే ఆ మాట వాడాలన్న నియమం మన దగ్గర లేదు. కొత్త లేబుల్ మీద తీసేయిస్తున్నాను.

ఏది కొన్నా ముందు చెవి కింద, దవడ అంచున చిన్న మేర రోజుకి రెండుసార్లు చొప్పున వారం, పది రోజులు రాసి చూడండి. మంట, దురద అయితే నిమిషాల్లోనో రోజుల్లోనో తెలిసిపోతుంది. మొటిమలు పెరగడం తెలియాలంటే కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి క్రీమ్‌తో పాటు ఫేస్‌వాష్ కూడా ఒకేసారి మార్చకండి. సందేహముంటే లేబుల్ ఫొటో పంపండి, చదివి చెబుతాను. నా దగ్గర కొనకపోయినా చెబుతాను.

పాత ఫ్యాక్టరీ మానేశాను. "ఇంకోసారి జరగదు, ఈ బ్యాచ్ డబ్బులు తగ్గిస్తాం" అన్నారు. వద్దన్నాను. కొత్తచోట మళ్లీ లైసెన్స్ కాగితాలు, చిన్న ట్రయల్ బ్యాచ్, దాన్ని వేడిలో నెలల తరబడి ఉంచి విరుగుతుందో లేదో చూడటం, ఇదంతా అయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. ముందే అవుతుందని ఆశ పెట్టను. ధర పది, ఇరవై పెరగొచ్చు. ఏ సరుకు ఎక్కడి నుంచి మారినా నాకు రాసి పంపి, ఒప్పుకున్నాకే చెయ్యాలని ఈసారి కాగితం మీద రాయించుకుంటున్నాను.

టీచర్ గారూ, మీరు ఇది చదువుతున్నారో లేదో తెలియదు. మీ 340 ఒక కవర్లో పెట్టి కౌంటర్లోనే ఉంచాను. ఇంటికి పంపుదామంటే చిన్నబుచ్చుకుంటారేమో అని ఆగాను.

కొత్త డబ్బా వచ్చాక మూత తీసి వాసన చూడండి. కొవ్వొత్తి, పచ్చిపాలు కలిసిన ఆ పాత వాసన రావాలి. రాకపోతే ముఖానికి రాయకుండా ముందు నాకు ఫోన్ చేయండి.