పాత పాటల ఛానల్‌లో ఏం మార్చాను, ఎందుకు మార్చాను

అందరికీ నమస్కారం. మన ఆన్‌లైన్ రేడియోలో పాత పాటల ఛానల్ మునుపటిలా లేదని ఈమధ్య చాలామంది రాశారు. నిజమే, 1950ల, 60ల పాటలు తగ్గించి 80ల పాటలు పెంచింది నేనే. మీకు ముందుగా చెప్పకుండా చేశాను, అది తప్పు, క్షమించండి.

కారణం స్పాన్సర్లు. వాళ్ళు మొదట అడిగేది వినేవాళ్ళ వయసెంత అని. అమెరికా రేడియోలో ప్రకటనల వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా 25 నుంచి 54 ఏళ్ళ వాళ్ళ కోసమే ఎక్కువగా చూస్తున్నారు. 1970లలో అక్కడి ఎఫ్ఎంలో ఒక వెలుగు వెలిగిన ‘బ్యూటిఫుల్ మ్యూజిక్’, అంటే వయొలిన్లతో మెత్తగా సాగే వాద్యసంగీతం, ఆ తర్వాతి పదేళ్ళలో వెనకబడిపోయింది, ఎందుకంటే దాన్ని ఇష్టపడేవాళ్ళకి వయసు మీదపడింది. అదే టాప్ 40 చూడండి, 1950లలో అమెరికాలోని ఒమాహా నగరంలో టాడ్ స్టోర్జ్ లాంటి రేడియో స్టేషన్ల యజమానులు మొదలుపెట్టినది ఇప్పటికీ నడుస్తోంది, దానికి ఏ పాటతోనూ ముడి లేదు, ఎప్పటి హిట్లు అప్పుడు వేస్తుంది. మనలాగా ఫలానా ఏళ్ళ పాటలే వేస్తామని మాటిచ్చిన ఛానల్‌కి మాత్రం శ్రోతలతో పాటే వయసు పెరుగుతుంది.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం. 1972 నుంచి ఓల్డీస్, అంటే పాత హిట్ పాటలు, వేసిన స్టేషన్ అది. 2005 జూన్‌లో ఒక్కసారిగా ఆ పాటలు ఆపేసి ‘జాక్’ అనే, వేర్వేరు దశాబ్దాల హిట్లు కలిపి వేసే కొత్త ఫార్మాట్‌కి మారిపోయింది, శ్రోతలకి చాలా కోపమొచ్చింది, చివరికి 2007 జూలైలో పాత పేరుతోనే తిరిగొచ్చింది. అందరూ సంతోషించారు, కానీ జాగ్రత్తగా వింటే తేడా తెలిసేది: తిరిగొచ్చాక అది ‘క్లాసిక్ హిట్స్’, 1964కి ముందు పాటలు బాగా అరుదైపోయాయి. ఏళ్ళు ముందుకి జరిగాయి. నేను మీకు చేసింది సరిగ్గా ఇదే, ఈ కథ తెలిసి కూడా.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇప్పటి ఛానల్ 70లు, 80ల పాటలతోనే ఉంటుంది, ఖర్చులు వచ్చేది దానివల్లే కాబట్టి అందులో వెనక్కి వెళ్ళలేను. 50లు, 60లు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వేరే ఛానల్‌గా వస్తాయి, ప్రకటనలు ఉండవు, సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్ళందరికీ అదనంగా ఏమీ కట్టకుండానే వినిపిస్తుంది. దాన్ని నడపడానికి మీ సబ్‌స్క్రిప్షన్ తప్ప వేరే ఆదాయం లేదు, ఒకవేళ కష్టమైతే, ఛానల్ ఆపకముందే ఆ మాట మీకు రాస్తాను.

తీసేసిన పాటల జాబితా నా దగ్గర ఉంది, అవన్నీ కొత్త ఛానల్‌లోకి వస్తున్నాయి. మీ పాట ఇంకా వినపడకపోతే పేరు, పాడినవాళ్ళ పేరు రాసి పంపండి.