ఉండవల్లి నోట్‌బుక్కులు వెనక్కి ఎందుకు వచ్చాయంటే: తల్లిదండ్రులకు ప్రిన్సిపాల్ లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు ఉండవల్లి గుహలు చూసి రాసిన నోట్‌బుక్కుల్లో కొన్నింటిని మా కళాస్వాదన (శిల్పాలు, బొమ్మలు చూడటం నేర్పే కోర్సు) టీచరు పోయిన వారం మార్కులు వేయకుండా వెనక్కి ఇచ్చేశారు. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. "బొమ్మల సబ్జెక్టులో కూడా సున్నా వేస్తారా?" అని కొందరు, "మావాణ్ణి కామర్సులో చేర్పించింది శిల్పాలు చూడ్డానికా?" అని ఇంకొందరు నాకే ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాయడం మంచిదనిపించింది.

ముందు జరిగింది చెబుతాను. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు పిల్లల్ని తీసుకెళ్లాం. ఇచ్చిన పని చిన్నదే. నచ్చిన ఒక చోటు ఎంచుకుని ఇరవై నిమిషాలు చూడాలి. అంతసేపూ ఫోను సంచిలో ఉండాలి. ఆ తర్వాత కంటికి ఏం కనబడిందో, వెలుతురు ఎటునుంచి పడుతోందో, చెక్కడం ఎక్కడ పూర్తయిందో, ఎక్కడ సగంలో ఆగిందో రాయాలి. గుహలు ఏ శతాబ్దానివి, ఏ రాజులవి అన్నది అసలు ప్రశ్నే కాదు. వెనక్కి వచ్చిన నోట్‌బుక్కులన్నీ సరిగ్గా వాటితోనే మొదలయ్యాయి. నాలుగైదు శతాబ్దాలు, విష్ణుకుండినులు, నాలుగు అంతస్తులు. అవే వాక్యాలు, అదే వరుస, కామాలు కూడా అక్కడక్కడే. రెండు మూడింటిలో "పెద్ద పెద్ద రాళ్లు తెచ్చి పేర్చి కట్టారు" అని కూడా ఉంది. ఉండవల్లి గుహలు పేర్చి కట్టినవి కావు. కొండనే లోపలికి తొలిచి స్తంభాలు, గదులు, దేవుళ్లు అన్నీ అందులోంచే తీశారు. అక్కడ ఇరవై నిమిషాలు నిలబడి చూసిన పిల్లలు ఆ వాక్యం రాయలేరు. ఫోనులోంచి ఎత్తి రాసినవాళ్లే రాయగలరు.

అందుకే వెనక్కి ఇచ్చారు. టీచరు చేసింది సరైన పని. ఆవిడ నిర్ణయమే నా నిర్ణయం.

సంవత్సరం మొదట్లో నియమాల కాగితం మీ సంతకం కోసం ఇంటికి పంపాం. సంతకాలైతే అందరివీ వచ్చాయి. చదివినవాళ్లు తక్కువని ఈ వారం ఫోన్లను బట్టి అర్థమైంది కాబట్టి ముఖ్యమైనవి మళ్లీ రాస్తున్నాను. ఈ కోర్సుకు 75 శాతం హాజరు తప్పనిసరి. బయటికి తీసుకెళ్లిన రోజు కూడా క్లాసు కిందే లెక్క, అది పిక్నిక్ కాదు. ఆ రోజు రాలేకపోయినవాళ్లు రెండు వారాల్లోగా అదే చోటికి సొంతంగా వెళ్లి చూసి రాసి తేవాలి. నోట్‌బుక్కు గీతల్లేనిది, రాత సొంత చేతిరాత, మాటలు సొంత మాటలు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా మార్కుల్లో తేడా ఉండదు. వారం ఆలస్యమైతే ఐదు మార్కులు తగ్గుతాయి, ఆ తర్వాత తీసుకోరు. పక్కవాళ్ల దాంట్లోంచి, ఇంటర్నెట్‌లోంచి, లేదా అడిగితే వ్యాసం రాసిచ్చే యాప్‌లోంచి ఎత్తి రాస్తే మొదటిసారి మళ్లీ రాయిస్తాం, సగం మార్కులే వస్తాయి. రెండోసారి సున్నా. క్లాసులో ఒకరి అభిప్రాయం ఇంకొకరికి నచ్చకపోవచ్చు, వాదించుకోవచ్చు, వెక్కిరించకూడదు. "బాగుంది", "సూపర్‌గా ఉంది" అని ఆపేస్తే చాలదు, ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించాలి. బొమ్మ గీయడం రాదని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. నోట్‌బుక్కులో వేసే స్కెచ్‌కి అందం మార్కులు లేవు. చూశారా లేదా అన్నదే మేం చూసేది.

ఈ కోర్సు ఎందుకని అడిగినవాళ్లకు మాత్రం రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. మనం ఎక్కడ బతుకుతున్నామో ఒక్కసారి ఆలోచించండి. కృష్ణ ఒడ్డునే పడమటికి వెళ్తే అమరావతి, ఆనాటి ధాన్యకటకం. మన పలనాటి సున్నపురాయి మీద రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడి శిల్పులు చెక్కిన పనిని ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి చూస్తారు. కానీ వాళ్లు వచ్చేది ఎక్కువగా ఇక్కడికి కాదు, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త పట్నం కోసం అమరావతి బౌద్ధ స్తూపం ఇటుకలు, రాళ్లు తరలిపోతున్నాయి. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. కొన్ని రాళ్లను సున్నం కోసం కాల్చేశారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపించిన వాటిలో చాలా భాగం తర్వాత ఓడెక్కి లండన్ చేరింది. రాయిని రాయిగానే చూసినవాళ్ల చేతుల్లో మన ఆస్తి ఇలా పోయింది. నా కాలేజీలో చదివిన పిల్లలు అలా చూసేవాళ్లుగా బయటికి వెళ్లకూడదు. అకౌంటెంట్ అవనీ, బ్యాంకులో చేరనీ, రేపు తమ ఊళ్లో పాత మండపం పక్కన రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు ఆగి చూసి అడిగే మనిషి కావాలి.

అమరావతి నుంచి చెన్నై చేరిన నలగిరి ఏనుగు ఫలకం ఫోటోను క్లాసులో పెద్దగా వేసి చూపించారు. నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. గుండ్రటి ఫలకంలో ఒకవైపు ఏనుగు మదించి జనం మీద పడుతోంది. వీధిలో జనం చెదిరిపోతున్నారు, మేడ కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. ఇంకోవైపు బుద్ధుడి ముందు ఏనుగు మోకరిల్లింది. "రెండు ఏనుగులా సార్?" అని ఒక అబ్బాయి నన్నే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, చూడమన్నాను. కాసేపటికి అతనే, ఏనుగు ఒకటే, ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ పక్కపక్కనే చెక్కారు అన్నాడు. ఒక్క రాయిలో కాలం నడుస్తుందని ఆ అబ్బాయి పుస్తకం లేకుండా కనుక్కున్నాడు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగారు మీరు. ముందున్నదాన్ని సరిగ్గా చూడగలగడం పనికిరాని ఉద్యోగం నాకైతే తెలియదు.

మంచి నోట్‌బుక్కుల గురించి కూడా చెప్పాలి, గ్రూపుల్లో వాటి ఊసే లేదు. హాస్టల్లో ఉండే పెదన అమ్మాయి ఒకరు అనంతశయన విష్ణువు పాదాల వైపు కూర్చుని రాసింది. మొదట ఏమీ కనబడలేదట. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, చివరికి దూరంగా పడగలు ఎలా బయటపడ్డాయో నాలుగు పేజీలు రాసింది. అది చదివాక నేను మళ్లీ వెళ్లి ఆ అమ్మాయి చెప్పిన చోటే కూర్చుని చూశాను. ఇదే అమ్మాయి కలంకారీ పాఠం రోజు వాళ్ల నాన్నగారి చెక్క అచ్చులు తెచ్చి, గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ఎందుకు నానబెడతారో, ఇనుప తుప్పు, బెల్లంతో నలుపు ఎలా వస్తుందో క్లాసంతటికీ చెప్పింది. కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే అబ్బాయి ఇంకొకరు. కింది అంతస్తులో పూర్తికాని పని దగ్గర నిలబడి, మా ఇంట్లో బొమ్మలు చేసే పొణికి చెక్కలో తప్పు పోతే చింతగింజల ముద్దతో సరిచేస్తాం, ఇక్కడ ఉలి జారితే ఏం చేసేవాళ్లు, అని రాశాడు. టీచరుకి కూడా వెంటనే జవాబు దొరకని ప్రశ్న అది. ఈ ఇద్దరి నోట్‌బుక్కులూ లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టించాను. వచ్చినప్పుడు తప్పకుండా చూడండి.

ఇక ఇంటి సంగతులు. మీ అభిమానం మాకు తెలుసు, పిల్లలంటే మీకున్న ప్రేమా తెలుసు. కొన్ని నోట్‌బుక్కుల్లో స్కెచ్‌లు చాలా బాగున్నాయి. గీతలో చెయ్యి తిరిగినతనం ఉంది. ఆ చెయ్యి పిల్లలది కాదని కూడా తెలిసిపోతోంది. అమ్మగారికో నాన్నగారికో అంత చక్కగా గీయడం వస్తే ఇంట్లో వేరే కాగితం మీద వేయండి, సంతోషంగా చూస్తాం. మార్కులు మాత్రం మీకు వేయలేం. క్లాసు జరుగుతుండగా "తిన్నావా?" అని ఫోన్ చేయకండి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా వాళ్లు ఖాళీగానే ఉంటారు. ముహూర్తాల రోజుల్లో దూరపు బంధువుల పెళ్లికి కూడా మూడేసి రోజులు సెలవు చీటీ పంపిస్తున్నారు, అదీ ఈ క్లాసు ఉన్న రోజుల్లోనే. అకౌంట్స్ పరీక్ష ఉంటే పంపిస్తారా? అన్నట్టు, మీలో చాలామంది పుష్కరాలకు రాజమండ్రి వెళ్లొచ్చినవాళ్లే. అక్కడ దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి పిల్లల్ని తీసుకెళ్లామని ఒక్కరూ చెప్పలేదు. 1897లో పుట్టి, ముప్ఫై నిండకుండానే 1925లో వెళ్లిపోయిన మనిషి, ఆంధ్రుల చిత్రకళకు ఒక దారి వేసి వెళ్లారు. స్నానం అయ్యాక ఒక గంట పడుతుంది, అంతే.

అమరావతి శిల్పాల్లో స్త్రీమూర్తుల ఫోటోలు ఆడపిల్లలకు చూపించడమేమిటని ఒకరిద్దరు అడిగారు. మర్యాదగానే అడిగారు, నేనూ మర్యాదగానే చెబుతున్నాను. అవి స్తూపం చుట్టూ, భిక్షువులూ కుటుంబాలతో వచ్చిన భక్తులూ ప్రదక్షిణ చేసే చోట ఉన్న శిల్పాలు. అవి పాఠంలో ఉంటాయి. ఏ విద్యార్థికైనా ఇబ్బందిగా అనిపిస్తే టీచరుతో విడిగా మాట్లాడవచ్చు, రాయడానికి వేరే శిల్పం ఎంచుకోవచ్చు. క్లాసులో ఇకిలించేవాళ్లను మాత్రం బయటికి పంపిస్తాం.

మిగతావి: రెండో విడత ఫీజుకు ఈ నెలాఖరే గడువు, బస్‌పాస్ ఫారాలు ఆఫీసులో ఉన్నాయి, హాస్టల్ వాటర్ ఫిల్టర్ బాగయింది.

వెనక్కి వచ్చిన నోట్‌బుక్కులు మళ్లీ రాసి ఈ నెల 22లోగా ఇవ్వాలి. అందుకోసం ఉండవల్లికి మళ్లీ వెళ్లాల్సిందే. ఆదివారం మీరూ వెంట వెళ్తే మంచిది, కాకపోతే పక్కన నిలబడి చెప్పి రాయించకండి. తర్వాతి క్లాసు బందరు రోడ్డులో బాపు మ్యూజియంలో. పెద్దవాళ్లు విక్టోరియా మ్యూజియం అనే 1887 నాటి భవనం అదే. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడి ముందు పిల్లలు ఇరవై నిమిషాలు కూర్చుంటారు. గీతల్లేని నోట్‌బుక్కు, పెన్సిలు, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. తల్లిదండ్రుల్లో రాదలచినవాళ్లు శుక్రవారంలోగా ఆఫీసులో పేరు ఇవ్వండి. ఫోను సంచిలో పెట్టే నియమం మీకూ వర్తిస్తుంది.

నమస్కారాలతో,
మీ ప్రిన్సిపాల్