ఈ సీజన్ రేట్లు, రూల్స్: బుక్ చేసేముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్తే. టెక్సస్‌లోని లానో కౌంటీలో మా రాంచ్‌కి వేటకొచ్చే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వాళ్ళందరికీ ఇది. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకేచోట రాస్తున్నా. 2025 తెల్లతోక జింకల సీజన్ నవంబర్ 1న మొదలై జనవరి 4తో అయిపోతుంది.

ముందు డబ్బు సంగతి. వీకెండ్‌కి మనిషికి 400 డాలర్లు ఉండేది, ఈసారి 475. మీరొచ్చేది చలికాలం రెండు నెలలే అయినా ఫీడర్లలో మొక్కజొన్న నేను ఏడాది పొడుగునా పోస్తూనే ఉండాలి, దానికి తోడు ఇన్సూరెన్స్ పెరిగింది, రెండు బ్లైండ్‌లకి (జింకకి కనపడకుండా మీరు కూర్చునే గూళ్ళు) నేలచెక్కలు పుచ్చిపోతే మార్పించాను. ఇంకో మార్పు, వీకెండ్‌కి నలుగురినే తీసుకుంటాను. ఆరుగురుంటే నాకు లాభమే, కానీ ఆరు చోట్ల తుపాకులు మోగాక ఆ వారమంతా జింకలు పగటిపూట బయటికి రావు, తర్వాత వచ్చేవాళ్ళు ఖాళీ పొదల్ని చూసుకుంటూ కూర్చోవాలి.

జింక పడకపోతే సగం డబ్బులైనా వెనక్కివ్వమని పోయినేడు కొందరు అడిగారు. ఇవ్వలేదు, ఈసారీ ఇవ్వను, ఎందుకో చెప్తాను. టెక్సస్‌లో భూమి 95 శాతం పైగా ప్రైవేటుదే, అయినా ఆ భూమి మీద తిరిగే తెల్లతోక జింక మాత్రం రాష్ట్ర ప్రజలది. నా గడ్డి మేసినా, నా మొక్కజొన్న తిన్నా అది నాది కాదు, దాన్ని అమ్మే హక్కు నాకు లేదు. నేను మీ దగ్గర డబ్బు తీసుకునేది గేటు లోపలికి రానిచ్చినందుకు, బ్లైండ్‌లో చోటిచ్చినందుకు, పడుకోవడానికి మంచం, మాంసం పెట్టుకోవడానికి కూలర్ గది ఇచ్చినందుకు. అలా రానివ్వడానికి కూడా నేను రాష్ట్రం దగ్గర హంటింగ్ లీజ్ లైసెన్స్ కొనాలి. చెరువులో గాలం వేసుకోవడానికి డబ్బు కడితే, చేప పడలేదని చెరువుగలాయన వెనక్కిస్తాడా? అంతే ఇదీ.

చుక్కల దుప్పి లెక్క వేరు. ఇక్కడ యాక్సిస్ అంటారు. 1932లో టెక్సస్‌కి తెచ్చిన మన దేశపు జంతువు, ఇక్కడి చట్టం దాన్ని బయటి జంతువు కిందే చూస్తుంది, కాబట్టి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. నా నేలమీద ఉన్నంతసేపూ అది నాదే, అందుకే దానికి తలకింత అని రేటు: ఆడదానికి 600, కొమ్ముల పోతుకి 2,000. పడకపోతే ఈ డబ్బు కట్టక్కర్లేదు. కానీ గాయపడి రక్తం చుక్క కనిపించిందంటే, జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి రేటు కట్టాల్సిందే. దీనిమీద వాదన పెట్టుకోవద్దు.

"అన్నా, మన తెలంగాణ రాష్ట్ర జంతువుని పట్టుకుని ఇక్కడ కాల్పిస్తున్నావేంటి" అని సగం మంది నవ్వుతూ, సగం మంది సీరియస్‌గానే అడుగుతారు. అక్కడ దాన్ని ముట్టుకుంటే జైలు, అది ఉండాల్సిన చట్టమే. ఇక్కడ దానికి పులి లేదు. అది గడ్డీ తింటుంది, గడ్డి అయిపోతే ఆకులకీ దిగుతుంది, తెల్లతోక జింకకేమో ముదిరిన గడ్డి సరిగా అరగదు, ఆకులే దిక్కు. కరువొచ్చిన ఏడాది ఎవరు చిక్కిపోతారో నేను కళ్ళారా చూస్తున్నా. కొట్టడం ఇష్టం లేకపోతే కొట్టకండి, కెమెరాతో వచ్చి కూర్చునేవాళ్ళకి సగం రేటే. ఏపీ వాళ్ళు కృష్ణజింక గురించి అడుగుతున్నారు. ఆ జంతువు టెక్సస్‌లో ఉంది గానీ నా దగ్గర లేదు, తెప్పించే ఆలోచనా లేదు.

మాది ఎత్తు కంచె కాదు, జింక సులువుగా దూకి పోతుంది. దెబ్బ తగిలిన జింక పక్క రాంచ్‌లో పడితే, వాళ్ళ అనుమతి లేకుండా మీరు గానీ నేను గానీ వెళ్ళి తెచ్చుకోకూడదు. కళ్ళముందు ఇరవై అడుగుల్లో పడున్నా సరే. తూటా సరిహద్దు దాటినా నేరమే. అందుకని కంచె వైపున్న బ్లైండ్ ఈసారి మూసేశాను. నిరుడు అక్కడ కూర్చున్నవాళ్ళకి బాగా కలిసొచ్చిందని తెలుసు, అయినా తెరవను.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టే విషయం. హెచ్‌1బీ (ఉద్యోగం), ఎఫ్‌1 (చదువు), బి2 (విజిటర్) లాంటి వీసాల మీదున్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. దానికున్న మినహాయింపుల్లో మనలాంటివాళ్ళకి పనికొచ్చేది ఒకటే, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. టెక్సస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా సాధారణంగా ఆగస్టు 31తో అయిపోతుంది, కాబట్టి నిరుటి కాగితం చూపించి లోపలికి రాలేరు. ఆర్నెల్లుగా టెక్సస్‌లో ఉంటున్నవాళ్ళకి అది 25 డాలర్లే, లేనివాళ్ళకి తెల్లతోక జింక కొట్టాలంటే 315. "అడవిపందికి లైసెన్స్ అక్కర్లేదట కదా" అంటారు. నిజమే, ప్రైవేటు భూమిలో భూయజమాని ఒప్పుకుంటే అక్కర్లేదని 2019లో రాష్ట్రం మార్చింది. కానీ అది రాష్ట్రం మాట, వీసా మీదున్నవాళ్ళకి ఫెడరల్ చట్టం అలాగే ఉంది. పాతిక డాలర్లకి చూసుకుని గ్రీన్ కార్డ్ ఫైలు మీదకి తెచ్చుకుంటారా? ఊరినుంచి వచ్చిన నాన్నగారు సరదాగా తుపాకి పట్టుకుని ఫోటో దిగుతానన్నా నేను ఒప్పుకోను, పెద్దాయన బాధపడినా సరే. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ వీసా గొడవ లేదు గానీ లైసెన్స్ వాళ్ళకీ కావాలి. మీ కేసులో ఏదైనా చిక్కుంటే లాయర్ని అడగండి, నన్ను కాదు.

హంటర్ ఎడ్యుకేషన్, అంటే వేట నేర్పే కోర్సు, కూడా పూర్తిచేసి ఉండాలి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ. పదిహేడేళ్ళు నిండితే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ముందురోజు రాత్రి మొదలుపెట్టకండి.

మాంసం అమ్మమని మెసేజ్‌లు పెడుతున్నారు, పార్టీకి పది కేజీలు, పండక్కి ఇరవై కేజీలు అని. తెల్లతోక జింక మాంసం అమ్మడం నేరం. మీరు కొట్టింది మీరు తినండి, ఫ్రెండ్స్‌కి పంచండి, అమ్మకండి. కొమ్ములు కూడా, ముఖ్యంగా చుక్కల దుప్పివి, ఇండియాకి సూట్‌కేసులో పెట్టుకెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉన్న జంతువది, టెక్సస్‌లో కొట్టానని ఎయిర్‌పోర్టులో చెప్తే వినేవాళ్ళుండరు.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్‌లో మెక్సికోలో సరిహద్దుకి 70 మైళ్ళలోపే ఒక పశువుకి స్క్రూవార్మ్ బయటపడింది. బతికున్న జంతువు గాయంలో పెరిగి మాంసం తినే పురుగు, అమెరికాలో 1966లో పోయిందనుకున్నది. జింక ఒంటిమీద పురుగులు పట్టిన గాయం కనిపిస్తే ఫోటో తీసి వెంటనే నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా ఫర్వాలేదు.

నవంబర్ మొదటి రెండు వీకెండ్‌లూ నిండిపోయాయి. థాంక్స్‌గివింగ్‌కి రెండు చోట్లు, డిసెంబర్‌లో బోలెడు ఉన్నాయి. అడ్వాన్స్‌తో పాటు ఈ ఏడాది లైసెన్స్ ఫోటో పంపితేనే తేదీ ఖాయం చేస్తాను. ఒక్క అడ్వాన్సే పంపితే తిరిగి పంపించేస్తాను.