బిల్లు మీద సున్నా ఉంది, మరి టిప్పు సంగతేంది?

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడ్డయంటే చాలు మీ పేపర్ల జిల్లా పేజీలు టూర్ ప్యాకేజీల ప్రకటనలతోటి నిండిపోతున్నయి, బస్సు, రూము, మూడు పూటల భోజనం అన్నీ కలిపి మనిషికి ఇంత అని. మంచిదే, ముందే కట్టేస్తే తిరిగేటప్పుడు మనసు నిమ్మళంగ ఉంటది, పూట పూటకు మెనూ కార్డుల రేట్లు చూసి గుండె దడదడ కొట్టుకోదు. కాని ఆ ప్రకటనలల్ల ఒక్క ముచ్చట ఎవ్వరు రాయరు, తిండికి పైసలు ముందే కట్టినోళ్లు వడ్డించినోళ్లకు మల్ల టిప్పు ఇయ్యాల్నా, అక్కర్లేదా అని. ఇదేం పెద్ద ముచ్చట అంటరేమో, ఆ ముచ్చట కాడనే నేను అమెరికాల ఇజ్జత్ తీసుకొని వచ్చిన, అందుకే ఈ ఉత్తరం.

నాది నల్లగొండ. ఆర్టీసీల 31 ఏండ్లు కండక్టర్ చేసి 2022ల రిటైరైన. బిడ్డ, అల్లుడు అట్లాంటాల ఉంటరు. 2024 అక్టోబర్‌ల మేం పోయినప్పుడు మనవరాలి సంబురానికని ఫ్లోరిడాల ఓర్లాండో కాడున్న డిస్నీ వరల్డ్‌కు తీస్కపోయిన్రు. ఆడ వాళ్ల హోటల్లనే దిగినోళ్లకు డైనింగ్ ప్లాన్ అని ఒకటి అమ్ముతరు, ఉన్నన్ని రాత్రుల లెక్కన మనిషికి ఇన్ని తిండ్లు అని: కూసున్న కాడికి తెచ్చిపెట్టే భోజనం ఒకటి, కౌంటర్ కాడ తెచ్చుకునేది ఒకటి, చిరుతిండి ఒకటి, చాయో కాఫీయో కూల్‌డ్రింకో ఎన్నిసార్లన్న నింపుకునే మగ్గు ఒకటి. కరోనాల బందు పెట్టిన ఈ ప్లాన్‌ను 2024 జనవరిల మల్ల మొదలుపెట్టిన్రు. అప్పట్ల పెద్దమనిషికి రాత్రికి సుమారు 94 డాలర్లు, చిన్నపిల్లలకు తక్కువ. మన పైసలల్ల ఎనిమిది వేలకు దగ్గర దగ్గర అని మా ఇంటామె వేళ్ల మీద లెక్కబెట్టి, ఆ నాలుగు రోజులు ప్లేట్ల ఒక్క మెతుకు ఇడిశిపెట్టనియ్యలే ఎవ్వరినీ.

మూడో రోజు శనివారం. మా ఆమె శనివారం నీసు ముట్టది. కూసోని తినే హోటల్‌కు పోతే మాకు వడ్డించనీకె వచ్చినామె తెల్లామె, అరవై ఏండ్లు దాటినట్టే ఉంది, మోకాళ్లు నొస్తున్నయని నడకల తెలుస్తనే ఉంది. మా ఆమె సంగతి బిడ్డ చెప్పంగనే లోపలికి పోయి వంటాయననే బయటికి తోల్కొచ్చింది, ఆయన వచ్చి ఏం ముట్టుకుంటరు ఏం ముట్టుకోరు అని అడిగి వేరేగ వండిచ్చిండు, అది సప్పగుంటే ఈమె అడగకముందే మూడు రకాల కారం సీసాలు తెచ్చి పెట్టింది, మనవరాలు జ్యూస్ ఒలకబోస్తే నవ్వుకుంటనే తుడిచి ఇంకో గ్లాసు తెచ్చింది. గంటంబావు సేపు మా టేబుల్ చుట్టూ తిరిగింది పాపం.

బిల్లొచ్చే టైముకు బిడ్డ పిల్లను బాత్రూంకు తీస్కపోయింది, అల్లునికి ఆఫీసు ఫోనొచ్చి బయటికి పోయిండు (లీవుల ఉన్నా ఇడిశిపెట్టరు వాళ్లను). బిల్లు నా ముంగట పెట్టిన్రు. అద్దాలు పెట్టుకొని చూస్తే తిన్నయన్ని రాసి 210 డాలర్లు అని ఉంది, దాని కింద ప్లాన్‌ల కోసేసి కట్టాల్సింది సున్నా అని ఉంది, దాని కింద టిప్ అని ఒక ఖాళీ గీత. నేనేమనుకున్న, పైసలన్ని ముందే కట్టినం గదా, ఆ గీత ప్లాన్ లేనోళ్లకు అనుకొని సంతకం పెట్టి లేచిన. దండం గూడ పెట్టిన ఆమెకు, అదొకటి.

దీంట్ల మా సడ్డకుని కొడుకు తప్పు గూడ కొంత ఉంది. వాడు 2006ల పోయొచ్చిండు, పెదనాయినా అండ్ల టిప్పుతోటి సహా అన్నీ వచ్చేస్తయి, ఒక్క పైస తియ్యనవసరం లేదు అని మాకు ముందే చెప్పి పంపిండు. వాడు అబద్ధం చెప్పలే. 2007 దాకా ఆ ప్లాన్‌ల టిప్పు కలిసే ఉండేది, 2008 నుంచి తీసేసిన్రు. అప్పుడు పోయొచ్చినోళ్లు ఇప్పుడు పోయేటోళ్లకు పాత ముచ్చటే చెప్తున్నరు, వాళ్లది విని ఇంకొకరు.

రాత్రి రూంల బిడ్డ అడిగింది, నాయినా టిప్పు ఎంత రాసినవ్ అని. సున్నా వచ్చింది బిడ్డా, ఇంకేం రాయాలె అన్న. దాని మొహం చూడాల్సింది మీరు. కోపం గాదు, సిగ్గు. మనం అయిదుగురం నాయినా, ఆరుగురం ఉంటే వాళ్లే 18 శాతం బిల్లుల వేసుకుందురు, ఆరుకు తక్కువుంటే మనమే రాయాలె, ప్లాన్‌ల పైసలు వంటకే, వడ్డించినందుకు వేరే అని చెప్పింది. మన కాడ మహాలక్ష్మి వచ్చినంక ఆడోళ్లకు జీరో టికెట్ కొడుతున్నరు, దాని మీద సున్నా ఉన్నా ఆ ఛార్జీ గవర్నమెంటు ఆర్టీసీకి కట్టాల్సిందేనని ఏ కండక్టర్‌ను అడిగినా చెప్తడు. సున్నా కింద ఎవ్వని లెక్క ఉందో చూడాలనే తెలివి నాకు ముప్పై ఏండ్ల సర్వీసుల రాలేదా అని ఆ రాత్రి నిద్ర పట్టలే.

అల్లుడు కూసోబెట్టి మొత్తం చెప్పిండు. అమెరికాల టిప్పులొచ్చే పనులకు కూలి చట్టమే వేరు. కేంద్రం లెక్కల మామూలు కనీస కూలి గంటకు 7.25 డాలర్లు, అది 2009 నుంచి అంతే ఉంది, టిప్పులొచ్చే పని అయితే యజమాని చేతి నుంచి 2.13 డాలర్లు ఇస్తే చాలు, అది 1991 నుంచి మారలే. టిప్పులు కలిపినా కనీస కూలి రాకపోతే తక్కువబడ్డది యజమాని కలపాలని రూల్ ఉంది. నేను డ్యూటీల చేరింది గూడ 1991లనే, నా జీతం ఎన్ని పీఆర్సీలు చూసింది, ఎన్ని సమ్మెలు చూసింది, ఆడ ఆ రెండు డాలర్ల పదమూడు సెంట్లు మాత్రం కదల్లే. ఫ్లోరిడాల కొంచెం నయం, మేం పోవడానికి కొన్ని రోజుల ముందే, 2024 సెప్టెంబర్ 30 నుంచి, కనీస కూలి 13 డాలర్లు అయింది, టిప్పులొచ్చేటోళ్లకు మాత్రం అప్పట్ల 9.98 ఇస్తే సరిపోయేది. అంటే గంటకు మూడు డాలర్లు మనలాంటోళ్లే కడ్తరు అని చట్టమే అనుకొని కూసుంది. ఇంకోటి, వచ్చిన టిప్పు మొత్తం ఆమె జేబులకు పోదు, చాలా హోటళ్లల్ల టేబుల్ తుడిచేటోళ్లకు, ప్లేట్లు మోసేటోళ్లకు సర్వర్లే అండ్లకెల్లి పంచాలె, అది గూడ కొన్ని చోట్ల అమ్మిన బిల్లు మీద లెక్క. నేను సున్నా రాసినా ఆ 210 డాలర్ల అమ్మకం మీద ఆమె తన జేబుల నుంచి పంచి ఉండొచ్చు. ఇది విన్నంక మా ఆమెనే అన్నది, పొద్దుగాల పోయి ఇచ్చిరాండ్రి అని. 210కి 20 శాతం 42 డాలర్లు, మూడున్నర వేలు, ఎనిమిది వేలకే లెక్కబెట్టుకున్న మనిషి ఆమె.

తెల్లారి పోతే ఆమె డ్యూటీ సాయంత్రం అన్నరు. పార్కు ఇడిశిపెట్టి మల్ల సాయంత్రం పోయినం. ఆమె గుర్తుపట్టలే ముందు, రోజుకు ఎంతమందిని చూస్తదో. బిడ్డ చెప్పినంక, కారం సీసాల అమ్మ అని గుర్తుపట్టి మా ఆమె చెయ్యి పట్టుకుంది. 42 డాలర్లు నోట్లల్ల చేతికిచ్చిన. ఇట్ల తిరిగొచ్చి ఇచ్చేటోళ్లు తక్కువ అన్నదంట, బిడ్డ తెలుగుల చెప్పింది. ప్లాన్ టేబుళ్లల్ల నాలాంటోళ్లు మస్తుమంది ఉంటరని నాకు అప్పుడు సమజైంది.

నాకు ఎక్కువ బాధ ఎందుకైందంటే ఈ పాఠం నేను ఎప్పుడో నేర్చుకున్నదే. ఉద్యోగంల చేరిన కొత్తల విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటినంక ఒక హోటల్ కాడ బస్సు ఆపేటోళ్లం. బస్సు తెచ్చినందుకు డ్రైవర్‌కు, కండక్టర్‌కు భోజనం ఫ్రీ, ఆ లైన్‌ల తిరిగినోళ్లందరికి తెలిసిన ముచ్చటే. మాకు బిల్లు రాకపోయేది. అది గూడ ఒక రకం డైనింగ్ ప్లానే గదా సార్, ప్రయాణికులు కట్టే ప్లాన్. మొదటి రోజు నేను తిని చెయ్యి కడుక్కొని లేస్తుంటే మా డ్రైవరన్న, పెద్దాయన, ఆపిండు. అన్నం ఓనర్ పెట్టిండు, ఓనర్‌కు మనం బస్సు తెచ్చినం, మనకు ఆయనకు చెల్లు, మరి పప్పు రెండుసార్లు తెచ్చిన పోరనికి మనం ఏం తెచ్చినం రా అన్నడు. గ్లాసు కింద రెండు రూపాయల బిళ్ల పెట్టిండు. ఆ తర్వాత నేను గూడ పెట్టేటోన్ని, ఒక్కరోజు తప్పలే అని చెప్ప, జీతం రాని నెలాఖరుల తప్పిన. కాని ఆ పోరల పేర్లు నాకు ఎర్క ఉండేటియి, నా బస్సు కనబడితే ఆకు ముందే వేసేటోళ్లు.

ఇప్పుడు మన కాడ గూడ అదే తీరు వచ్చింది, రిసార్టులల్ల. సీపీ అంటే పొద్దుగాల టిఫిన్, ఎంఏపీ అంటే టిఫిన్‌తోటి పాటు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలు, ఈ అక్షరాలు వోచర్ మీద రాసిస్తరు, అర్థం చెప్పేటోడు ఉండడు. పోయినేడు మా రిటైర్డ్ దోస్తులం పదకొండు మందిమి మూడు పూటల ప్లాన్ మీద ఒక రిసార్టుకు పోయినం, ఏ ఊరు ఏ రిసార్టు అని రాయను. తిండి బాగనే ఉంది. పోయే రోజు పైన తెప్పించుకున్న నీళ్ల బాటిళ్లకు, పెరుగుకు బిల్లేసి దాని మీద సర్వీస్ ఛార్జ్ 10 శాతం తగిలిచ్చిన్రు. మా దోస్తు ఒకాయన యూనియన్ల తిరిగినోడు, ఊకుంటడా. 2022 జులై 4న వినియోగదారుల రక్షణ అథారిటీ వాళ్లు సర్వీస్ ఛార్జ్ బలవంతంగ బిల్లుల వెయ్యొద్దని చెప్పిన్రు, హోటళ్ల సంఘాలు కోర్టుకు పోతే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు గూడ ఆ మాటనే ఖాయం చేసింది, తియ్యకపోతే 1915కు ఫోన్ చేస్తా అన్నడు. తీసేసిన్రు. అందరం ఖుషీ అయినం. కాని గేటు కాడికొచ్చినంక చూస్తే రెండు రోజులు మాకు వడ్డించిన ఒడిశా పిలగాండ్లు ఇద్దరు నిలబడి చూస్తున్నరు, అడుగుతలేరు, ఊకెనే చూస్తున్నరు. సర్వీస్ ఛార్జ్ తీపిచ్చిన ఖుషీల వాళ్ల సంగతే మరిచిపోయినం, ఆ ఛార్జ్ వాళ్లకు ముట్టేదో ఓనర్ గల్లాకు పోయేదో అది వేరే ముచ్చట. తలా వంద వేసి వెయ్యిన్ని వంద ఇచ్చినం, యూనియన్ దోస్తు రెండు వందలు పెడ్తా అంటే మేమే వద్దన్నం.

అమెరికా లెక్క ఇక్కడికి తెచ్చి 20 శాతం ఇయ్యాలని నేను అంటలేను. ఆడ టిప్పు కూలిల భాగం, ఈడ జీతం ఓనర్ బాధ్యత, టిప్పు మన ఖుషీ, రెంటికి తేడా ఉంది. మా ఆమె అయితే ఇప్పటికి అంటది, ఓనర్ ఇయ్యాల్సిన జీతం మనతోటి ఎందుకు కట్టిస్తరు, అదే మోసం అని. ఆమె మాట నేను కాదనను. కాని ఆ పంచాయితీ ఓనర్‌తోటి, గవర్నమెంటుతోటి పెట్టుకోవాలె గాని రెండు రోజులు పప్పు పోసిన పిలగాని మీద తీర్చుకుంటమా. పైగా ఈ స్కానర్లు వచ్చినంక సోంపు ప్లేట్ల మిగిలే చిల్లర గూడ మాయమైంది, ఫోన్ పేల కొట్టింది సక్కగ ఓనర్ ఖాతాల పడ్తది. ప్యాకేజీల పోయేటోళ్ల చేతుల అసలు నోట్లే ఉంటలేవు, ఇయ్యాలనుకున్నా ఇయ్యలేం. అందుకని నేను ఇప్పుడు యాడికి పోయినా యాభైలు, వందలు కొన్ని వేరే జేబుల పెట్టుకుంటున్న, కండక్టర్ బ్యాగు అలవాటు ఇట్ల పనికొస్తుంది.

మీ పేపర్ తరఫున మన నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ట్రావెల్స్ వాళ్లకు ఒక మాట చెప్పాలె. వోచర్ మీద తెలుగుల రెండే లైన్లు రాయండ్రి: ఈ ప్యాకేజీల ఏ పూటలు వస్తయి, టిప్పు కలిసిందా లేదా. బయటి దేశం పంపేటోళ్లయితే ఆ దేశంల ఎంత ఇస్తరో గూడ రాయండ్రి. మేం కాటా తూకం అడుగుతలేం, రెండు లైన్లు.

మా ఎదురింటి వాళ్లు సంక్రాంతికి ఓర్లాండోనే పోతున్నరు, డైనింగ్ ప్లాన్ తోటి. నిన్న సాయంత్రం అరుగు మీద కూసొని వాళ్లకు ఈ కథంత చెప్పిన. వాళ్లు ఆరుగురు, కాబట్టి 18 శాతం బిల్లులనే పడ్తది, అది చూడకుండ గీత మీద మల్ల ఇంకో 20 రాసి రెండుసార్లు కట్టొద్దని గూడ చెప్పిన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
నల్లగొండ.