మన గల్ఫ్ కార్మికుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సెలవు మీద ఊరికొచ్చి, ఉన్న కొద్ది రోజుల్లో ఒక పూట ఈ సమావేశానికి ఇచ్చిన తమ్ముళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో కొత్తగా చెప్పేదేం లేదు. ఎప్పటి పనులే ఈ ఏడూ చేశాం. ఖల్లివల్లి అయినవాళ్ల, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తాం, దరఖాస్తులు రాశాం, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల మూడు బాక్సులు శంషాబాద్ కార్గో నుంచి ఊళ్లకు చేర్చాం. మల్లాపూర్ మండలానికి పోయిన బాక్సు తెల్లవారుజామున మూడింటికి దిగింది. కాగితాల్లో తండ్రి పేరు ఒక్క అక్షరం తేడా ఉందని ఆ కుటుంబాన్ని ఒక కార్యాలయంలో ఐదుసార్లు తిప్పారు. ఆరోసారి నేనూ వెంట పోయాను. పొద్దున పదింటి నుంచి వరండాలో కూర్చుంటే సాయంత్రం ఐదింటికి సంతకం అయింది. సంతకానికి పట్టింది అర నిమిషం.

ఇక డిసెంబరు సభ. ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది అదే. డిసెంబరు 18 అంతర్జాతీయ వలసదారుల దినం. ప్రతి ఏడూ ర్యాలీ తీసి, మెమొరాండం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేవాళ్లం. ఈసారి ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం అన్నాను. బ్లాస్ ఓప్లే, ఒకప్పటి ఫిలిప్పీన్స్ కార్మిక మంత్రి. కార్యవర్గంలో సగం మంది "ఎవరాయన?" అన్నారు. ఫ్లెక్సీ షాపు పిల్లాడైతే 'బ్లాస్ట్ ఓప్లే' అని కొట్టి తెచ్చాడు. తెల్ల స్టిక్కర్ అతికించి, మీద స్కెచ్ పెన్నుతో దిద్ది కట్టాం.

ఈ ఆలోచన నాది కాదు, సౌదీలోని దమ్మామ్‌లో స్టోర్‌లో చేసి వచ్చిన మన రాయికల్ సభ్యుడిది. ఆయన అన్న మాట ఇది: "మా రూములో ఫిలిప్పీనో దగ్గర ప్లాస్టిక్ కవర్లో కాంట్రాక్టు ఉండేది. జీతమెంత, ఓవర్‌టైం ఎంత, గొడవైతే ఎవరికి చెప్పుకోవాలి, అన్నీ అందులోనే. వాళ్ల సర్కారు ముద్ర కూడా. నా దగ్గర ఏజెంట్ రాసిచ్చిన ఫోన్ నంబరు చీటీ ఉండేది. ఆ నంబరు ఎప్పుడు చేసినా స్విచాఫే." ఆ కవరు వాళ్లకు ఎట్లా వచ్చిందని వెతుక్కుంటూ పోతే ఓప్లే దగ్గర తేలాం.

1927 ఫిబ్రవరి 3న బులకాన్ రాష్ట్రంలోని హగొనోయ్‌లో పుట్టాడు. జపాన్ సైన్యం వచ్చినప్పుడు చదువు ఆపి గెరిల్లాల్లో చేరాడు. తర్వాత మనీలాలో పత్రికలో పనిచేశాడు, అక్కణ్నుంచి రాజకీయాల్లోకి వచ్చాడు. 1967లో ఆ దేశాధ్యక్షుడు మార్కోస్ ఆయన్ను కార్మిక శాఖకు తెచ్చాడు. మధ్యలో కొద్ది నెలలు తప్ప 1986 దాకా ఆ కుర్చీ ఆయనదే. 1974 మే 1న వచ్చిన లేబర్ కోడ్ ఆయన చేతి మీదుగా వచ్చిందే. చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు మొదలైన కాలం అది. విదేశీ యజమాని నేరుగా మనిషిని పట్టుకుపోవడానికి వీల్లేదని, మధ్యలో ప్రభుత్వం ఉండాలని ఆ కోడ్‌లో రాశారు. ఓడల మీద పోయేవాళ్లకు వేరే బోర్డు, నేల మీద పనులకు వేరే బోర్డు పెట్టారు. 1977లో సంక్షేమ నిధి, 1982లో ఆ బోర్డులను కలిపి ఒకే సంస్థ. మన వలసల చట్టం 1983లో వచ్చింది, గుర్తుంచుకోండి. అంతకుముందు మనకున్నది 1922 నాటి బ్రిటిష్ వాళ్ల చట్టం.

1975లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు అధ్యక్షుడయ్యాడు. ఆ పదవికి వెళ్లిన మొదటి ఫిలిప్పీనో. అదే ఏడాది డిసెంబరులో పదమూడో నెల జీతం డిక్రీ, అంటే అధ్యక్షుడి ఉత్తర్వు, వచ్చింది. నెలకు వెయ్యి పెసోల లోపు జీతం ఉన్నవాళ్లకు క్రిస్మస్‌కు ముందే ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. క్యాంపుల్లో డిసెంబరు వస్తే ఫిలిప్పీనోలు ఈ పదమూడో నెల ముచ్చట పెట్టేవాళ్లు, మనవాళ్లకు అర్థమయ్యేది కాదు.

సభ ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. అప్పుడు వెనక వరసలో కూర్చున్న కోరుట్ల బీడీ యూనియన్ పెద్దాయన లేచాడు. "సెక్రటరీ, మార్షల్ లా పెట్టినోడి మంత్రిని తెచ్చి దండ వేయమంటున్నవా? సమ్మెలు బంద్ పెట్టిన సర్కారు కాదా అది?" అన్నాడు. హాలంతా సైలెంటు. అది నిజమే. 1975 అక్టోబరులో మనీలాలో లా తొండెన్యా సారా ఫ్యాక్టరీ కూలీలు సమ్మె చేస్తే, కొద్ది రోజులకే సమ్మెలన్నీ నిషేధిస్తూ డిక్రీ తెచ్చారు. పదమూడో నెల జీతం డిక్రీ ఆ నిషేధం తర్వాతి నెలలోదే. 1982లో అయితే విదేశాల్లో ఉన్నవాళ్లు జీతంలో సగం నుంచి ఎనభై శాతం దాకా బ్యాంకు ద్వారా ఇంటికి పంపి తీరాలన్నారు. హాంకాంగ్‌లో పనిమనుషులు రోడ్డెక్కి కొట్లాడితే 1985లో వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ జరిగినప్పుడు మంత్రి ఓప్లేనే.

పెద్దాయనతో గంటసేపు వాదన నడిచింది. నా వైపు నుంచి ఒక మాట చెప్పాను. మార్కోస్ పోయాక కొత్త రాజ్యాంగం రాయడానికి తర్వాతి అధ్యక్షురాలు కోరీ అక్వినో వేసిన కమిషన్‌లో, ప్రతిపక్షం వైపు నుంచి ఓప్లే కూర్చున్నాడు. 1987లో అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో కార్మికులకు పూర్తి రక్షణ అన్నచోట "స్వదేశంలో, విదేశంలో" అని రెండూ రాసి ఉంది. బయటి దేశంలో చెమటోడ్చేవాడి పేరు రాజ్యాంగంలో ఉండడం చిన్న సంగతి కాదని నా అభిప్రాయం. పెద్దాయన ఒప్పుకోలేదు. దండ వేయలేదు కానీ భోజనం చేసి పోయాడు. ఆ వాదన లేకపోతే సభ చప్పగా ఉండేది, అందుకు ఆయనకు థాంక్స్.

తర్వాత ఓప్లే సెనేటర్ అయ్యాడు, 1999లో సెనేట్ అధ్యక్షుడు, 2002లో విదేశాంగ మంత్రి. 2003 డిసెంబరు 14న పదవిలో ఉండగానే, విదేశీ పర్యటనలో విమానంలో అస్వస్థుడైతే తైవాన్‌లో దింపారు, దక్కలేదు. 2022లో అక్కడ వలస కార్మికులకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ మొదలైతే, మొదటి మంత్రి ఆయన కూతురు సూసన్ ఓప్లే. ఆమె కూడా మరుసటి ఏడాదే పోయింది. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు, బాక్సులు వాళ్లకూ వస్తాయి.

సభ అయ్యాక మనం మొదలుపెట్టిన పని కాంట్రాక్టు చదివిపెట్టే బల్ల. వీసా వచ్చినవాళ్లు ఆదివారం కాగితాలు తెస్తే, అరబీ తెలిసినవాళ్లు, ఇంగ్లిష్ తెలిసినవాళ్లు కూర్చుని చదివి చెప్పాలి. పేర్లిచ్చింది పద్నాలుగు మంది. మొదటి ఆదివారం వచ్చింది ఐదుగురు. సంక్రాంతి తర్వాత నేనూ, కోశాధికారీ, రాయికల్ సభ్యుడూ మాత్రమే. "అన్నా, ఈ వారం పెళ్లి ఉంది" అనే మెసేజ్‌లు నా ఫోన్‌లో చాలా ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒక పిల్లాడు విజిట్ వీసాను కంపెనీ వీసా అనుకుని తెచ్చాడు. బల్ల మీద ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి ఆగిపోయాడు. ఏజెంట్‌కు కట్టిన అడ్వాన్సు ఇంకా రాలేదు.

సభకు పిలిచిన అధికారుల్లో ఒక్కరూ రాలేదు. ముందు వరసలో మూడు కుర్చీలు ఖాళీగా పెట్టి, చివరికి బడి పిల్లలను కూర్చోబెట్టాం.

ధన్యవాదాలు: హాలు ఉచితంగా ఇచ్చిన పద్మశాలి సంఘానికి, వంట చూసుకున్న మహిళా సభ్యులకు, మైకు సెట్టు అన్నకు, రియాద్ నుంచీ దోహా నుంచీ చందాలు పంపినవాళ్లకు, తప్పు ఫ్లెక్సీకి డబ్బు తీసుకోని షాపు పిల్లాడికి కూడా.

జమాఖర్చుల పట్టీ వెనక జత చేశాం. చందాలకంటే ఖర్చు కొంచెం ఎక్కువైంది, తేడా అంబులెన్స్ డీజిల్‌ది. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. ఈ ఏడాది చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదవడం లేదు, వాళ్లకు తెలుసు.

ఓప్లే మీద వేసిన కరపత్రాలు రెండు కట్టలు మిగిలాయి, బస్టాండు ఎదురు జిరాక్స్ షాపులో పెట్టాం. ఆదివారం బల్ల పొద్దున పదింటికి. తాళంచెవి నా దగ్గర ఒకటి, రాయికల్ సభ్యుడి దగ్గర ఒకటి ఉన్నాయి. మూడోది ఎవరు తీసుకుంటారో ఈ సమావేశంలోనే తేల్చాలి.

ఇట్లు,
కార్యదర్శి