మా బ్లాక్‌కు చేయందించిన వాళ్లందరికీ శనార్థులు, కృతజ్ఞతలు

ప్రభుత్వం ఇచ్చిన మా డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల బ్లాకులో ఆఖరి ఫ్లాటు వాళ్లు కూడా మొన్న పాలు పొంగించుకున్నారు. తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా మాకు సాయం చేసిన వాళ్ల పేర్లు రాస్తామంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. "పని చేసినం, అయిపోయింది, పేర్లెందుకు" అన్నారు. సరే, పేర్లు రాయం. ఎవరు ఏ చిక్కు ఎట్లా విప్పారో మాత్రం రాస్తాం. వేరే కాలనీల వాళ్లు మా కమిటీకి ఫోన్ చేసి అడిగేవి కూడా ఇవే.

మొదటి దండం రిటైరైన రెవెన్యూ గుమాస్తా పెద్దాయనకు. ఈ ఇళ్ల కథ ఆయనకు మొదటి నుంచీ తెలుసు. 2015 నవంబరులో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు ఇచ్చినప్పటి నుంచి, 2023 జూన్‌లో కొల్లూరులో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు తెరిచేదాకా వరుసగా చెప్తారు. హైదరాబాద్ నగరానికి అనుకున్నది లక్ష ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు: రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు టాయిలెట్లు. లబ్ధిదారులను తేల్చింది కంప్యూటర్ డ్రా. కాబట్టి పైరవీతో పేరు రాదు. వచ్చిన పేరు చేజారేది మాత్రం కాగితాల దగ్గరే అని ఆయన మొదటి రోజే చెప్పారు.

ఆయన పద్ధతి ఇది. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ పక్కపక్కన నేల మీద పరిచి, పెన్సిల్‌తో ఒక్కో అక్షరం మీద టిక్కు పెట్టుకుంటూ పోవాలి. చదవొద్దు, పోల్చాలి. చదివితే కన్ను తప్పును దాటేస్తుంది. లక్ష్మి అన్న పేరే చూడండి. ఇంగ్లిషులో ఒక కార్డులో ఎక్స్ అక్షరంతో ఉంటది, ఇంకోదాంట్లో కె, ఎస్, హెచ్‌లతో. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు ఇద్దరు ఆడవాళ్లు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా అంతే. పట్టా ఇంటి ఇల్లాలి పేరు మీద వస్తది కాబట్టి ముందు చూడాల్సినవి ఆమె కార్డులే. మనం మాత్రం మొగాయన కార్డులు బీరువాలో పెట్టి, ఆమెవి పప్పు డబ్బాలో పెడతాం.

సరిచేసే వరుస కూడా ఆయనే చెప్పారు: ముందు ఆధార్, ఆ తర్వాతే మిగతావి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. తొందరపడి తప్పుడు స్పెల్లింగుకు మార్చుకుంటే ఒక అవకాశం పోయినట్టే. ఓటరు కార్డుకు ఫారం 8. అడ్రసు మారినా అదే, పేరులో తప్పున్నా అదే. కొత్తగా ఫారం 6 పెట్టొద్దు, రెండు ఓట్లు నమోదై అదో లొల్లి.

మీసేవ తమ్ముడికి మా ఆడవాళ్లందరి తరఫున ప్రత్యేకంగా థాంక్స్. రేషన్ కార్డులో కోడలి పేరు చేర్చమని దరఖాస్తు పెట్టడం, అది తిరిగి రావడం, మళ్లీ పెట్టడం, ఇట్లా తిరిగిన ఇళ్లు మా దగ్గర చాలానే ఉన్నాయి. కారణం ఒకటే: ఆ అమ్మాయి పేరు తల్లిగారింటి కార్డులో ఇంకా ఉంది. అక్కడ తీసేయించి, తీసేసినట్టు ఆన్‌లైన్‌లో కనపడ్డాకే ఇక్కడ చేర్చాలి. ఆయన ఇప్పుడు ఎవరొచ్చినా పైసలు తీసుకోకముందే పాత కార్డు నంబరు కొట్టి చూస్తున్నాడు. ఈ ఒక్క అలవాటుతో ఎన్ని బస్సు చార్జీలు మిగిలాయో.

రేషన్ డీలరక్క కూడా ఒక భయం తీర్చింది. ఇల్లు మారాం కదా, కార్డు మారేదాకా బియ్యం రావేమో అని చాలామంది ముందున్న ఇంటి దగ్గరి షాపుకే పోయి మోసుకొచ్చేవాళ్లు. అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు.

కరెంటు సంగతి లైన్‌మన్ అన్న విప్పాడు. గృహజ్యోతి జీరో బిల్లు కొత్త ఇంట్లో రాలేదంటే పథకం ఆగినట్టు కాదు. రేషన్ కార్డుకు ఇంకా పాత అద్దె ఇంటి మీటరు నంబరు అతుక్కుని ఉంది. ప్రజాపాలన సేవా కేంద్రంలో పాత యూఎస్‌సీ నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) తీయించి, కొత్త ఇంటి బిల్లు మీదున్న నంబరు పెట్టించుకోవాలి. ఇంకోటి: నెలకు 200 యూనిట్ల దాకానే సున్నా. 201 అయితే ఆ ఒక్క యూనిటుకు కాదు, ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఎండాకాలం కూలరూ, నీళ్లకు హీటింగ్ రాడ్డూ రెండూ నడిపే ఇళ్లు నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం మంచిది. లిఫ్టుకు, మోటారుకు ఉన్న ఉమ్మడి మీటరుకు ఈ పథకం వర్తించదు. అది అందరం పంచుకోవాల్సిందే.

నీళ్లదీ ఇలాంటి లెక్కే. జలమండలి (హైదరాబాద్ నీళ్ల బోర్డు) నెలకు ఇచ్చే 20 వేల లీటర్లు ఉచితం కావాలంటే క్యాన్ నంబరుకు (నీళ్ల కనెక్షన్ ఖాతా నంబరు) ఆధార్ లింకు కావాలి, మీటరు పనిచేయాలి. అపార్ట్‌మెంటుకు కనెక్షన్ ఒక్కటే అయినా ఫ్లాటు ఫ్లాటుకూ విడిగా ఆధార్ లింకు చేయాలి. లింకు చేయని ఫ్లాటు వాటా ఉచితంలోకి రాదు, బిల్లు బ్లాకు మీద పడుతుంది. ఏ ఫ్లాట్లు మిగిలాయో జాబితా తీసి, మెట్లెక్కి తలుపు తలుపూ తట్టిన ఇంటర్ పిల్లలకు మా దీవెనలు. తొమ్మిదో అంతస్తు దాకా నడిచే ఎక్కారు, ఆ రోజు లిఫ్టు లేదు మరి.

ఇక లిఫ్టు. బస్తీలో ఒంటి గది ఇంట్లో ఉన్నప్పుడు లేని తిప్పల ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. మా లిఫ్టు వారానికి రెండుసార్లు ఆగేది. మోటారు పోయిందని ఒకరు, బోర్డు పోయిందని ఒకరు, పెద్ద అంచనాలు వేసిచ్చారు. ఆ అంచనాలిచ్చిన వాళ్ల పేరు ఎత్తం. తర్వాత వచ్చిన మెకానిక్ భాయ్ ముందు మోటారు రూముకు పోలేదు. గ్రౌండ్‌లో తలుపు తెరిపించి, మోకాళ్ల మీద కూర్చుని, గడప గాడిలో చీపురు పుల్ల పెట్టి గీకాడు. చింతగింజలు, బియ్యం, గుట్కా ప్యాకెట్ల మూలలు, తడిసి గట్టిపడ్డ సిమెంటు పొడి, మొత్తం ఓ గుప్పెడు. తలుపు చివరి అరంగుళం మూసుకోకపోతే లాక్ స్విచ్ పడదు. స్విచ్ పడకపోతే లిఫ్టు కదలదు. కదలకూడదు కూడా, అది భద్రత కోసమే. చాలాసార్లు మన లిఫ్టు "ఖరాబు" ఇదే.

రెండోది, మెట్లు కడిగిన నీళ్లు. బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తే లిఫ్టు గుమ్మంలోంచి కింద గుంతలోకి పోతాయి. గుంతలో స్విచ్చులుంటాయి, తుప్పు పట్టాయంటే రోజుల తరబడి ఆగుతుంది. ఆయన మాట ప్రకారం ఇప్పుడు లిఫ్టు ముందు రెండడుగులు తడిబట్టతో తుడుస్తున్నారు, కడగడం బంద్. మూడోది, కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తులో ఆపి తలుపు తెరిచే రెస్క్యూ బ్యాటరీ. నెలకోసారి మెయిన్ ఆపి అది పనిచేస్తుందో లేదో ఎదురుగా చూపించాకే రిజిస్టర్లో సంతకం పెట్టాలన్నాడు. లోపల ఎవరైనా ఇరుక్కుంటే రాడ్డుతో తలుపు విరిచే పని ఎవరూ చేయొద్దు. గాలి ఆడుతూనే ఉంటది. బయట నుంచి మాట్లాడుతూ ఉండాలి, మెకానిక్ వచ్చేదాకా ఆగాలి.

మెయింటెనెన్స్ ఒప్పందం చదివి పెట్టిన అకౌంటెంటు అక్కకు కృతజ్ఞతలు. ఒప్పందాలు రెండు రకాలు. ఒకదాంట్లో సర్వీసు మాత్రమే, విడిభాగాల ధర మనదే. రెండోదాంట్లో విడిభాగాలు కూడా కలిసి ఉంటాయి, అయినా "ఇవి తప్ప" అని చివర ఒక పేరా ఉంటుంది. ముందు చదవాల్సింది ఆ పేరానే. వంద ఫ్లాట్లు నెలకు 200 చొప్పున ఇస్తే 20 వేలు. కానీ వందకు వంద మంది ఇవ్వరు, డెబ్భై మందే ఇస్తారని లెక్కేసి బడ్జెట్ రాయమంది. 14 వేలతో కరెంటు, లిఫ్టు, ట్యాంకు కడగడం, వాచ్‌మన్ అన్నీ సరిపోవు. వాచ్‌మన్‌ను రెండు బ్లాకులు కలిసి పెట్టుకోవాలన్నది అక్కడే తేలింది. వసూలు పైసలు ఒకరి సొంత ఖాతాలో ఉండొద్దని సొసైటీ కూడా రిజిస్టరు చేయించింది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఖాతాకు ఇద్దరి సంతకాలు.

ప్లంబర్ మేస్త్రి నేర్పిన పరీక్ష ప్రతి బ్లాకుకూ పనికొస్తుంది. కింది ఇంటి బాత్రూమ్ స్లాబు నుంచి చుక్కలు పడుతుంటే పై ఇంటి వాళ్లతో కొట్లాట కంటే ముందు ఇది చేయాలి. పై బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌ను (నేలలో నీళ్లు పోయే జాలీ రంధ్రం) గుడ్డతో బిగించి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, 24 గంటలు వదిలేయాలి. కింద స్లాబు మీద తడి అంచును సుద్దముక్కతో గీయాలి. తడి సుద్ద గీత దాటి పెరిగితే లీకు నేలలో, లేదా ట్రాప్ చుట్టూ అతుకులో ఉన్నట్టు. నీళ్లు నిలబెట్టినా తడి పెరగకపోతే గోడలోని పైపులో, లేదా డ్రైనేజీ షాఫ్టులో వెతకాలి. ట్రాప్ చుట్టూ తెల్ల సిమెంటు రాస్తే నాలుగు నెలల్లో మళ్లీ మొదలైతది, ఎపాక్సీ గ్రౌట్ వాడాలని మేస్త్రి మాట. గోడలు ఇటుకవి కాక కాంక్రీటువైతే పైపు కోసమో అలమర కోసమో చెక్కొద్దు, ఆ గోడలే భవనాన్ని మోస్తున్నాయి. ఈ మాటకు ఇంకా ఇద్దరు ముగ్గురు గునుస్తున్నారు. గునవనీ.

లీకులు కట్టినవాళ్లే బాగుచేయాలా, మనమా అన్న ప్రశ్నకు జవాబు టెండరు ఒప్పందంలోని లోపాల బాధ్యత కాలంలో ఉంటుంది. ఆ ఒప్పందం నకలు తెప్పించిన లా విద్యార్థులకు థాంక్స్. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, రుజువు జిరాక్సు జతచేయాలి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ విద్యార్థులే మా మొదటి దరఖాస్తు చింపేశారు, ఎందుకంటే అందులో అన్నీ "ఎందుకు చేయలేదు" అనే ప్రశ్నలే. అట్లా అడిగితే సమాధానం చెప్పాల్సిన పనిలేదు. "ఫలానా ఒప్పందం నకలు, ఫలానా తేదీల మధ్య తనిఖీ రిపోర్టుల నకళ్లు ఇప్పించగలరు" అని అడగాలి. ఉన్న కాగితం అడిగితే వస్తది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి మాతో వచ్చిన వాళ్లు చెప్పింది కూడా గుర్తుంచుకోండి: ఒక కాగితం మీద ఒకటే సమస్య. లిఫ్టు, నీళ్లు, చెత్త, బడి అన్నీ ఒకే అర్జీలో రాస్తే అది ఏ శాఖకు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతది. రసీదు నంబరు తీసుకోకుండా లేవొద్దు.

ఇంకా ఇల్లు రాని బంధువుల కోసం అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2. జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు నాలుగు విడతల్లో, బేస్‌మెంటు అయ్యాక మొదటి లక్ష. కట్టే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. పైసలు పడేది ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలో, మీరు కాగితం మీద రాసిచ్చిన ఖాతాలో కాకపోవచ్చు. అందుకే ముందు బ్యాంకుకు పోయి ఏ ఖాతా లింకై ఉందో, అది నడుస్తుందో లేదో అడగండి. ఇది మాకు చెప్పిన బ్యాంకు మిత్ర అన్నకూ శనార్థులు.

పైసలిస్తే ఫ్లాటు ఇప్పిస్తామంటూ స్టిల్ట్ (బ్లాకు కింద పిల్లర్ల మధ్య ఖాళీ జాగా) కింద తిరిగేవాళ్లకు మాత్రం థాంక్స్ లేవు. ఈ ఇళ్లు వారసులకు వస్తాయి కానీ అమ్మడానికి లేదు, అద్దెకివ్వడానికీ లేదు. నోటరీ కాగితం మీద కొన్నవాళ్లకు పైసలూ ఇల్లూ రెండూ పోతాయి.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి స్టిల్ట్ కింద అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. సాయం చేసినవాళ్లంతా తప్పకుండా రావాలి, మాట్లాడమని అడగం. మన బ్లాకువాళ్లు వచ్చేటప్పుడు నాలుగు కార్డులూ, ఒక పెన్సిలూ తెచ్చుకోండి. పెద్దాయన ఆ రోజు కూడా కూర్చుంటానన్నారు.

బ్లాక్ కమిటీ తరఫున